కడుగునీళ్ళ చరిత్ర

గ్రాఫీన్ ఆక్సైడ్ కథను అందరూ ఆమ్లాలతోనే మొదలుపెడతారు. ఎవరు ఏ ఆమ్లం పోశారు, ఎవరు ఏ ఉప్పు కలిపారు, ఏ పద్ధతి ఎవరి పేరు మీద నిలిచింది, అంతటితో చరిత్ర అయిపోతుంది. నేను సింకు దగ్గర్నుంచి చెబుతాను. నా పని అక్కడే మరి. వరంగల్లో ఒక పరిశోధనశాలకు ఈ పదార్థాన్ని చేసిపెట్టడం నా ఉద్యోగం. గ్రాఫైట్ ఆమ్లంలో ఉండేది ఒక పూట. ఆ తర్వాత దాన్ని కడుగుతూ కూర్చునేది రోజుల తరబడి. పరిశోధన పత్రాల్లో ఆ రోజులన్నీ "తటస్థ స్థితి వచ్చేదాకా నీటితో కడిగాం" అనే ఒక్క వాక్యంలోకి దూరిపోతాయి. ఆ వాక్యం చదివినప్పుడల్లా, రాసినవాళ్ళు కడిగారా, కడిగించారా అన్న అనుమానం నాకు తప్పదు.

ఇందులో కొంత ఉక్రోషం ఉంది, కాదనను. విషయం కూడా ఉంది. ఈ పదార్థం ఎంతకాలం నిలుస్తుంది, ఎప్పుడు భగ్గుమంటుంది, నీళ్ళలో పడితే ఉంటుందా విడిపోతుందా అని 160 ఏళ్ళకు పైగా అడుగుతూనే ఉన్నారు. వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఎందుకు పొసగవో వెతుక్కుంటూ వెనక్కి వెళితే, చాలాసార్లు కడిగిన తీరు దగ్గరే ఆగాల్సి వస్తుంది.

ముందు వస్తువేమిటో చెప్పాలి. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ అంటే కార్బన్ పరమాణువులు ఆరేసి చొప్పున వలయాలుగా అల్లుకున్న పొరలు, ఒకదాని మీద ఒకటి. ఒక్క పొరను విడదీస్తే గ్రాఫీన్. గట్టి ఆక్సీకరణి తగిలితే ఆక్సిజన్ ఈ పొరల మీదికొచ్చి కూర్చుంటుంది: పొర ముఖం మీద ఎపాక్సైడ్‌లు, హైడ్రాక్సిల్‌లు, అంచుల్లో కార్బాక్సిల్‌లు. పొరల మధ్య దూరం పెరుగుతుంది, నీళ్ళు లోపలికి చొరబడతాయి, నల్లటిది కాస్తా పసుపూ గోధుమరంగూ అవుతుంది. కార్బన్‌కి ఈ స్థితి సుఖమైనది కాదు. కాస్త వేడి తగిలితే చాలు, ఆక్సిజన్‌ని కార్బన్ మోనాక్సైడ్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా వదిలించుకుని మళ్ళీ నల్లబడుతుంది. అలా వదిలించుకోవడంలో గ్రాముకు వెయ్యి జౌళ్ళకు పైగా వేడి బయటికొస్తుంది. అంటే మన సీసాలో ఉన్నది సగం కాలి మధ్యలో ఆగిన కార్బన్. ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగుతుంది అన్నదే అసలు ప్రశ్న.

దీన్ని మొదట కడిగినవాడు బెంజమిన్ కాలిన్స్ బ్రోడీ. 1817లో పుట్టాడు. తండ్రి పేరుమోసిన శస్త్రవైద్యుడు, ఆయన పేరే కొడుక్కీ పెట్టారు. బ్రోడీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు గానీ ఆంగ్లికన్ చర్చి విశ్వాస సూత్రాలకు సంతకం పెట్టనన్నందుకు ఎం.ఏ. పట్టా 1860 దాకా చేతికి రాలేదు. జర్మనీ వెళ్ళి గీసెన్‌లో లీబిగ్ దగ్గర తేనెమైనం మీద పనిచేశాడు. 1855లో అదే ఆక్స్‌ఫర్డ్‌కి రసాయనశాస్త్ర ఆచార్యుడై వచ్చాడు. గ్రాఫైట్ పరమాణు భారం ఎంతో తేల్చాలన్నది ఆయన పట్టుదల. సిలోన్ నుంచి వచ్చిన గ్రాఫైట్ తీసుకున్నాడు. ఆ ద్వీపంలో గ్రాఫైట్ రాతి పగుళ్ళలో శుద్ధంగా, సిరలు సిరలుగా దొరుకుతుంది. మా విజయనగరం వైపు తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్ళలోనూ గ్రాఫైట్ మెరుస్తుంది గానీ, రాతితో కలిసిపోయి రేకులుగా ఉంటుంది. దాన్ని వేరుచేయడమే ఒక పని.

బ్రోడీ చేసింది ఇదీ: గ్రాఫైట్‌కి మూడు రెట్ల బరువు పొటాషియం క్లోరేట్ కలిపాడు. అగ్గిపుల్ల తలకు పూసే మందులో ఉండేది ఈ క్లోరేటే. దాని మీద పొగలు కక్కే నత్రికామ్లం పోసి, 60 డిగ్రీల నీటితొట్టిలో మూడు నాలుగు రోజులు ఉంచాడు. పసుపుపచ్చ ఆవిర్లు ఆగాక పెద్ద పాత్రలో బోలెడు నీళ్ళలోకి గుమ్మరించాడు. అడుగుకు దిగనిచ్చి పైతేట వంచేయడం, మళ్ళీ నీళ్ళు పోయడం, మళ్ళీ వంచడం. ఆమ్లమూ లవణాలూ దాదాపు పోయాక ఆరబెట్టి, మళ్ళీ క్లోరేటు, మళ్ళీ నత్రికామ్లం, మళ్ళీ కడగడం. ఇంకేమీ మారదనిపించేదాకా నాలుగైదు విడతలు ఇదే. చివరికి లేత పసుపు రంగులో, పారదర్శకంగా, కంటికి ఆనీ ఆనని పలకలు మిగిలాయి.

ఇక్కడ ఆయన చూసిన రెండు విషయాలు నాకు ముఖ్యం. ఆ పలకలు శుద్ధమైన నీటిలో, క్షారం కలిసిన నీటిలో చెదిరి కలిసిపోతాయి; ఆమ్లం ఉంటే కలవవు. అందుకే దానికి గ్రాఫిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. రెండోది, వేడి చేస్తే అది నిలవదు. విశ్లేషణలో నూటికి 61.04 వంతులు కార్బన్, 1.85 హైడ్రోజన్, 37.11 ఆక్సిజన్ వచ్చింది. 220 డిగ్రీలకు వేడి చేశాక చూస్తే కార్బన్ 80.13కి ఎక్కింది, ఆక్సిజన్ 19.29కి దిగింది. పోయిన ఆక్సిజన్ కార్బన్‌ని వెంటబెట్టుకుని వాయువుగా పోయింది. అస్థిరత్వాన్ని అంకెల్లో రాసిన మొదటి లెక్క ఇదే, 1859లో రాయల్ సొసైటీ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో అచ్చయింది.

ఆ లెక్కల నుంచి ఆయన తీసిన ముగింపు మాత్రం నిలవలేదు. 11 కార్బన్లు, 4 హైడ్రోజన్లు, 5 ఆక్సిజన్లు అని ఫార్ములా కట్టి, 11 కార్బన్ల భారం 132ని నాలుగో వంతు చేసి, గ్రాఫైట్‌లో ఉన్నది మామూలు కార్బన్ కాదు, 33 పరమాణు భారం ఉన్న 'గ్రాఫాన్' అన్నాడు. ఏడేళ్ళ తర్వాత, 1866లో, అసలు పరమాణువుల ఊసే లేకుండా రసాయన శాస్త్రాన్ని బీజగణితంగా రాయవచ్చంటూ 'రసాయన క్రియల కలనం' ప్రతిపాదించినవాడూ ఈయనే. పరమాణువును తూచినవాడే పరమాణువును పక్కన పెట్టాడు! మనుషులింతే. కానీ కడిగిన తీరుకు మాత్రం వంకపెట్టలేం. 1966లో బోయమ్, షోల్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు అప్పటికి చలామణీలో ఉన్న పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు, బ్రోడీ దారిన చేసినదే అన్నిటికన్నా శుద్ధంగా, నిలకడగా ఉందని తేలింది. వందేళ్ళ తర్వాత!

బ్రోడీ తర్వాత ఫ్రాన్స్‌లో బెర్తలో ఈ చర్యను పరీక్షగా మార్చాడు. క్లోరేటూ నత్రికామ్లమూ తగిలితే ఈ పసుపు ఆక్సైడ్‌గా మారే కార్బన్ ఏదైతే అదే గ్రాఫైట్, మారనిది కాదు. పదార్థం ఎంతకాలం ఉంటుందన్న బెంగ ఆయనకు అక్కర్లేదు, రంగు కనిపిస్తే చాలు. 1898లో స్టౌడెన్‌మైయర్ గంధకామ్లం కూడా కలిపి, క్లోరేట్‌ని కొద్దికొద్దిగా వేస్తూ, ఒకే పాత్రలో పని కానిచ్చే ఏర్పాటు చేశాడు. విడతలు విడతలుగా ఆరబెట్టి మళ్ళీ మొదలుపెట్టే బాధ తప్పింది. కొత్త బాధ వచ్చింది. క్లోరిన్ డయాక్సైడ్ వాయువు పోగుపడితే పేలుతుంది. వారం రోజుల పాటు, గ్రాఫైట్‌కి పదిరెట్ల క్లోరేటు వేస్తూ, ఆ వాయువును జడవాయువుతో తరిమేస్తూ కాపలా కాయాలి. ఇరవయ్యో శతాబ్దం సగం వరకూ ఈ పని చేసినవాళ్ళకు భయం పాత్రలో జరిగేదాని గురించే. పాత్రలోంచి తీశాక ఏమవుతుందన్నది తర్వాతి మాట.

ఆ భయాన్ని తగ్గించిన ఘనత విలియమ్ హమ్మర్స్, రిచర్డ్ ఆఫెమన్‌లది. 1958లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్లో వచ్చిన పత్రం ఒక పేజీ దాటదు. ఈ రంగంలో దాన్ని ఉదహరించినన్నిసార్లు మరో పత్రాన్ని ఉదహరించి ఉండరు. పదార్థాలు ఇవి: 100 గ్రాముల గ్రాఫైట్, 50 గ్రాముల సోడియం నైట్రేట్, 2.3 లీటర్ల గంధకామ్లం. మంచుతొట్టిలో చల్లబరిచి 300 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్. వేడి 20 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఎందుకంటే పర్మాంగనేటూ గాఢ గంధకామ్లమూ కలిసి మాంగనీస్ హెప్టాక్సైడ్ అనే ఆకుపచ్చ నూనె పుట్టిస్తాయి. 55 డిగ్రీలు దాటితే అది పేలుతుంది. ఆ తర్వాత 35 డిగ్రీల దగ్గర అరగంట. నీళ్ళు పోస్తే ఒక్కసారిగా 98 డిగ్రీలకు ఎగబాకుతుంది. చివర్న హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి మిగిలిన పర్మాంగనేట్‌ని చంపేస్తారు. ముదురు ముద్ద కాస్తా ఒక్క క్షణంలో మెరిసే పసుపు రంగుకు తిరుగుతుంది. మా పరిశోధనశాల పిల్లలు ఫోన్లు తీసి వీడియో పట్టుకునేది ఈ ఒక్క ఘట్టాన్నే. వారం పని రెండు గంటల్లో అయిపోయింది.

అందరూ పత్రాన్ని ఇక్కడిదాకా చదివి మూసేస్తారు. నేను కింది భాగం చదవమంటాను. హమ్మర్స్ ఆ ముద్దను వేడిగా ఉండగానే వడగట్టాడు, చల్లారితే మెల్లిటిక్ ఆమ్లపు లవణం పేరుకుంటుందని. 14 లీటర్ల వేడినీళ్ళతో మూడుసార్లు కడిగాడు. ఆ పైన 32 లీటర్ల నీళ్ళలో కలిపి, అప్పటికీ వదలని లవణాలను అయాన్ మార్పిడి రెజిన్ల మీదుగా పంపి తీశాడు. ఋణ అయాన్లకు ఒకటి, ధన అయాన్లకు ఒకటి. ఆ తర్వాతే 40 డిగ్రీల దగ్గర, శూన్యంలో, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పక్కన పెట్టి ఆరబెట్టాడు. చర్యకు పట్టింది రెండు గంటలు. కడగడం ఎంత పొడుగో ఈ వరుస చూస్తేనే తెలుస్తుంది. హమ్మర్స్ పద్ధతిలో చేశామని రాసే పత్రాలు వేలకు వేలు. రెజిన్ వాడామని రాసింది నాకు కనబడ్డం అరుదు. పద్ధతిలో సగం పేరుకు మాత్రమే మిగిలింది.

రెజిన్ లేకుండా ఉత్తనీళ్ళతో కడిగితే ఏమవుతుందో చెప్పాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే నడిచింది. మొదటి రెండు కడుగుల్లో అంతా బాగానే ఉంటుంది. పసుపు ముద్ద చక్కగా అడుక్కి దిగుతుంది, తేట వంచేయొచ్చు. ఆమ్లం పలచబడే కొద్దీ దిగడం మానేస్తుంది. కార్బాక్సిల్‌ల మీది హైడ్రోజన్ వదిలిపోయి పొరలన్నీ ఋణ విద్యుదావేశం తెచ్చుకుంటాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఆ సందుల్లోకి నీళ్ళు దూరతాయి. మొత్తం ఉబ్బి సగ్గుబియ్యం జావలా అయిపోతుంది. వడపోత కాగితం మీద పోస్తే ఒక చుక్క దిగదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం అడుగున దిగేది తక్కువ, మధ్యలో తేలేది ఎక్కువ. బ్రోడీ చూసిన సంగతే ఇది: ఆమ్లంలో దిగుతుంది, మంచినీళ్ళలో దిగదు. అంటే సరిగ్గా శుభ్రపడే వేళకే ఇది కడగడానికి లొంగకుండా పోతుంది. ఇంకా లోపల లవణాలు చిక్కుకునే ఉంటాయి. కొత్తగా చేరిన పిల్ల ఒకతె రెండు రోజులు సెంట్రిఫ్యూజ్ దగ్గర నిలబడి, "పీహెచ్ ఏడు ఎప్పుడొస్తుంది మేడమ్?" అని అడిగింది. "రాదు తల్లీ" అన్నాను. "ఈ పదార్థమే ఒక ఆమ్లం. ఏడు వచ్చిందని ఎవరైనా రాశారంటే వాళ్ళు కొలిచింది తమ డిస్టిల్డ్ వాటర్‌ని."

యాభయ్యేళ్ళ పాటు ఇది ఎవరికీ పెద్ద సమస్య కాలేదు, చేసేది గ్రాముల్లో, చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. జర్మనీలో హోఫ్‌మన్ శిష్యపరంపర దీని నిర్మాణం ఏమిటని వాదించుకుంటూ ఉండేది. 1939లో హోఫ్‌మన్, హోల్స్ట్ పొర మీద ఉన్నవన్నీ ఎపాక్సైడ్‌లే అన్నారు. 1946లో రూయెస్ హైడ్రాక్సిల్‌లు లేకుండా హైడ్రోజన్ లెక్క సరిపోదన్నాడు. రెండూ ఉన్నాయని, అంచుల్లో కార్బాక్సిల్‌లు కూడా ఉన్నాయని 1998లో లెర్ఫ్, క్లినోవ్‌స్కీ చెప్పిన బొమ్మే ఇప్పుడు పుస్తకాల్లో కనిపిస్తుంది. ఒక్కొక్కరి చేతిలో ఉన్నది ఒక్కో రకంగా చేసి, ఒక్కో రకంగా కడిగి, ఒక్కో రకంగా ఆరబెట్టిన పొడి అన్న సంగతి ఆ వాదాల్లో తగినంతగా వినిపించలేదని నా అభిప్రాయం. నిలకడ గురించి సూటిగా అడిగినవాడు హాన్స్ పీటర్ బోయమ్ ఒక్కడే. 1962లో ఈ ఆక్సైడ్‌ని ఆక్సిజన్ తీసేసి అతిపలుచని కార్బన్ పొరలుగా మార్చి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశారు ఆయనా సహచరులూ. 1986లో గ్రాఫీన్ అన్న పేరు పెట్టిన ముగ్గురిలో ఆయన ఒకడు. ఆ మధ్యలో 1965లో షోల్జ్‌తో కలిసి, ఈ ఆక్సైడ్ ఏ వేడి దగ్గర భగ్గుమంటుందన్న ఒక్క ప్రశ్న మీదే ఒక పత్రం రాశాడు. భగ్గుమనడం ఈ పదార్థం స్వభావంలోనే ఉందని తెలిసినవాళ్ళకు తెలుసు. తర్వాత వచ్చినవాళ్ళు మరిచిపోయారు.

తర్వాత వచ్చినవాళ్ళు గుంపుగా వచ్చారు. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ టేపుతో గ్రాఫీన్ ఒలిచి చూపించారు, 2010లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. టేపుతో కిలోలు రావు గనక అందరూ హమ్మర్స్ పత్రం దుమ్ము దులిపారు. 2006లో ప్రిన్స్‌టన్‌లో ప్రుడోమ్, అక్సాయ్ బృందం ఈ పదార్థపు అస్థిరత్వాన్నే పనిముట్టుగా చేసుకుంది: ఆరిన పొడిని ఒక్కసారిగా 1050 డిగ్రీల్లోకి తోస్తే లోపల పుట్టిన వాయువు ఒత్తిడికి పొరలు వాటంతటవే విడిపోతాయి. 2009లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జియాషింగ్ హువాంగ్ బృందం ఒక కెమెరా ఫ్లాష్ వెలిగిస్తే చాలు, గోధుమరంగు పొర టప్ మని నల్లబడుతుందని చూపించింది. చూసి ముచ్చటపడ్డవాళ్ళు ఎక్కువ. ఫ్లాష్‌కే మారిపోయేది, గోదాములో డ్రమ్ముల్లో ఉంటే ఏమిటి సంగతి అని అడిగినవాళ్ళు తక్కువ.

హువాంగ్ బృందమే అడిగింది. 2010లో వాళ్ళు రాసిన పత్రం నా వృత్తికి సంబంధించి అన్నిటికన్నా విలువైనదని అనుకుంటాను. ఆరిన ఈ ఆక్సైడ్‌కి ఒక మూల వేడి తగిలితే అక్కడ మొదలైన చర్య తన వేడితోనే పక్కదాన్ని మారుస్తూ మొత్తం పాకిపోతుంది. అంతవరకు అది ఊహించదగ్గదే. కానీ కొన్ని నమూనాలు నల్లబడి ఊరుకోలేదు, గాలిలో నిప్పంటుకుని బూడిదయ్యేదాకా కాలాయి. తేడా పొటాషియం దగ్గర తేలింది. పర్మాంగనేట్‌లోని పొటాషియం, లవణాల రూపంలో, ఆ జావలో చిక్కుకుని నీళ్ళకు వదలకుండా మిగిలిపోతోంది. కార్బన్ కాలడానికి పొటాషియం లవణాలు ఉత్ప్రేరకాలు. వాళ్ళు చెప్పిన మందు చాలా మామూలుది: ముందు నీళ్ళతో కాకుండా పలచని హైడ్రోక్లోరికామ్లంతో కడగాలి. ఆమ్లంలో జావ కట్టదు గనక లవణాలు హాయిగా దిగిపోతాయి. తర్వాత ఆ ఆమ్లాన్ని అసిటోన్‌తో కడిగేయాలి. అసిటోన్‌లోనూ అది ఉబ్బదు. అలా కడిగినదానికి నిప్పు పెడితే అంత తేలిగ్గా అంటుకోలేదు. అప్పట్నుంచి మా దగ్గరా అదే వరుస. సల్ఫేటు పోయిందో లేదో బేరియం క్లోరైడ్ చుక్కతో, క్లోరైడ్ పోయిందో లేదో సిల్వర్ నైట్రేట్ చుక్కతో చూస్తాం. తేటలో తెల్లటి మబ్బు కనిపిస్తే ఇంకా ఉన్నట్టు.

ఈ పదార్థానికి ఆక్సిజన్‌కి బదులు ఫ్లోరినో హైడ్రోజనో ఎక్కిన చుట్టాలున్నాయి, వాటి గురించి ఒక మాట. ఓటో రుఫ్ 1934లోనే కార్బన్ ఫ్లోరైడ్ చేశాడు. ఆయనకూ పేలుళ్ళ బెడద ఉండేది. 2010లో మాంచెస్టర్ వాళ్ళు ఒక్క పొర ఫ్లోరోగ్రాఫీన్ చేసి, గాలిలో 400 డిగ్రీల దాకా తట్టుకుంటుందని, టెఫ్లాన్‌కి రెండు కొలతల రూపమని అన్నారు. అదే ఏడు చెక్ దేశంలోని ఒలొమౌత్స్‌లో పొటాషియం అయొడైడ్‌తో ఆ ఫ్లోరిన్‌ని పీకి మళ్ళీ గ్రాఫీన్ చేసి చూపించారు. 2009లో వచ్చిన గ్రాఫేన్ (గ్రాఫీన్ కాదు) అనే మరో చుట్టంలో ఎక్కింది హైడ్రోజన్. వేడి చేస్తే దిగిపోతుంది. ఏదెక్కినా దిగే దారి ఒకటి వెతుక్కుంటుంది. అయితే నేను చేసేది ఆక్సైడే గనక దాని దగ్గరికే వస్తాను.

లవణాలన్నీ పోయిన శుద్ధమైన ఆక్సైడ్ అయినా సీసాలో కదలకుండా ఉంటుందా? 2012లో జార్జియా టెక్‌లో ఎలీసా రియెడో, ఆంజెలో బొంజోర్నో తదితరులు సిలికాన్ కార్బైడ్ మీద పెంచిన గ్రాఫీన్‌ను ఆక్సీకరించి, ఆ పొరలను గది వేడిలో ఊరికే పెట్టి చూశారు. మొదట కార్బన్‌కి 0.44 వంతున ఉన్న ఆక్సిజన్ 0.38కి దిగి అక్కడ ఆగింది. దిగడానికి పట్టిన కాలం నెల పైచిలుకు. ఎపాక్సైడ్‌లు తరిగాయి, హైడ్రాక్సిల్‌లు పెరిగాయి. పొరలో మిగిలిపోయిన హైడ్రోజన్ అటూ ఇటూ నడుస్తూ ఆ మార్పు చేయిస్తోందని వాళ్ళ లెక్కల్లో తేలింది. నెల ఆగిన తర్వాతి పదార్థమే కాస్త స్థిరమైనదన్నమాట. ఈ పత్రం చదివాక మేం సీసాల మీద తేదీ రాసే పద్ధతి మార్చుకున్నాం. చర్య జరిపిన రోజు కాదు, కడగడం అయిపోయిన రోజు రాస్తాం. ఎవరైనా ఏడాది కిందటి సీసాతో వచ్చి, పాత ఫలితం మళ్ళీ రావట్లేదంటే ముందు ఆ తేదీ చూస్తాను.

ఇంతవరకు నీళ్ళు మనవైపు ఉన్నాయనుకున్నాం. అదీ నిజం కాదని హ్యూస్టన్‌లో రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. ఐరత్ దిమియెవ్, జేమ్స్ టూర్ 2012లో ఆక్సీకరించిన గ్రాఫైట్‌ని నీళ్ళు తగలనివ్వకుండా మెథనాల్ లాంటి ద్రావకాలతో కడిగి చూశారు. వచ్చింది మనకు తెలిసిన గోధుమరంగు సరుకు కాదు, బాగా లేతరంగుది. నీళ్ళు తగిలాకే అది మనకు తెలిసిన రూపానికి వస్తోంది. గంధకామ్లం పొరలకు అంటిపెట్టుకుని సల్ఫేట్ బంధాలుగా ఉంటే, నీళ్ళు వాటిని తెంపుతున్నాయి. 2013లో వాళ్ళు మరో అడుగు వేశారు: నీళ్ళలో నిలవ ఉన్న గ్రాఫీన్ ఆక్సైడ్ ఎడతెరిపి లేకుండా ఆమ్లాన్ని పుట్టిస్తూనే ఉంటుంది, నీళ్ళు దాడి చేసి కార్బన్ కార్బన్ బంధాలనే తెంపుతాయి, చిన్న ముక్కలూ కార్బన్ డయాక్సైడూ మిగులుతాయి. క్షారంలో ఇది మరీ వేగం. జర్మనీలో జిగ్‌ఫ్రీడ్ ఐగ్లర్ చర్యనూ కడగడాన్నీ 10 డిగ్రీల లోపే జరిపితే కార్బన్ చట్రం చాలావరకు చెక్కుచెదరదని చూపించాడు. హమ్మర్స్ వాడిన వేడినీళ్ళు ఆ లెక్కన హాని. చల్లటి నీళ్ళు వాడితే మెల్లిటిక్ లవణం పేరుకుంటుందని ఆయన భయం. రెంటి మధ్య మేం మంచుముక్కలు వేసుకుంటూ కడుగుతాం, చేతులు కొంకర్లు పోతాయి.

ఇదే సమయంలో ఇంగ్లండ్‌లో వారిక్ విశ్వవిద్యాలయం నుంచి 2011లో ఒక వాదన వచ్చింది. గ్రాఫీన్ ఆక్సైడ్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే, పొరలకు అంటుకుని ఉన్న ఆక్సీకరణ మడ్డి ఊడి వస్తుందని, బరువులో దాదాపు మూడో వంతు ఆ మడ్డేనని, మిగిలిందే నిజమైన గ్రాఫీన్ ఆక్సైడ్ అని. క్షారం మడ్డిని ఊడదీయడం లేదు, పొరలనే కొరికి మడ్డి పుట్టిస్తోందని అవతలి పక్షం. ఊడి వచ్చినవి ముందే ఉన్నాయా, కడగడం వల్ల పుట్టాయా? నా చేతి అనుభవం రెండో పక్షానికే మొగ్గు చూపుతుంది; క్షారం పోయగానే రంగు ముదరడం చూస్తే అది ఊరికే శుభ్రపడుతున్నట్టు అనిపించదు. కానీ వారిక్ వాళ్ళ పత్రం వల్ల ఒక మేలు జరిగింది. కడగడం కూడా ఒక రసాయన చర్యేనని ఒప్పుకోవాల్సి వచ్చింది అందరికీ.

చివరిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, మళ్ళీ హువాంగ్ దగ్గర్నుంచే. గ్రాఫీన్ ఆక్సైడ్‌ని వడగట్టి ఆరబెడితే కాగితంలా పొర వస్తుంది. 2007లో నార్త్‌వెస్టర్న్‌లోనే రాడ్నీ రూఫ్ బృందం ఆ కాగితాన్ని నేచర్ పత్రికలో ప్రకటించింది, సగటు దృఢత్వం 32 గిగాపాస్కళ్ళు. తర్వాత వందలమంది ఈ పొరలతో నీళ్ళను వడపోయొచ్చని, ఉప్పును ఆపొచ్చని పని మొదలుపెట్టారు. ఇక్కడ ఒక చిక్కుంది. కడిగేటప్పుడు మనల్ని ఏడిపించిన ఆ ఋణ ఆవేశం ఈ పొరల్లోనూ ఉంది కదా. నీళ్ళలో పెడితే పొరలు ఒకదాన్నొకటి నెట్టుకుని జావ అయిపోవాలి. పత్రాల్లో మాత్రం నెలల తరబడి చెక్కుచెదరలేదని రాస్తారు. ఎందుకో ఎవరూ గట్టిగా అడగలేదు.

2015లో చేనింగ్ యే, హువాంగ్, వాళ్ళ సహచరులు అడిగారు. జవాబు వడపోత బిళ్ళలో ఉంది. చాలామంది వాడేది అల్యూమినియం ఆక్సైడ్ బిళ్ళ. గ్రాఫీన్ ఆక్సైడ్ ద్రావణం ఆమ్లమే గనక ఆ బిళ్ళను కొద్దికొద్దిగా తింటుంది, అల్యూమినియం అయాన్లు పొరలోకి ఎక్కి, మూడు ధనావేశాలతో పక్కపక్క పొరలను కట్టేస్తాయి. అదే ద్రావణాన్ని టెఫ్లాన్ బిళ్ళ మీద వడగట్టి నీళ్ళలో వేస్తే పొర విడిపోయి కలిసిపోయింది. బాగా కడగని సరుకులో మిగిలిన మాంగనీస్ లాంటి లోహాలు కూడా ఈ పని చేయగలవు. దృఢత్వంలోనూ తేడా ఉంది: అల్యూమినియం ఎక్కిన పొర టెఫ్లాన్ మీద చేసినదానికన్నా మూడు రెట్లకు పైగా గట్టిగా ఉంది. 2007 నాటి కాగితాన్ని వడగట్టిందీ అల్యూమినా బిళ్ళ మీదే. అంతకుముందు పత్రాల్లో బిళ్ళ దేనితో చేసిందో రాయడం అలవాటు లేదు గనక, ఎవరి నిలకడ కార్బన్‌దో ఎవరి నిలకడ అల్యూమినియందో ఇప్పుడు వేరుచేయడం కష్టం.

మా స్టోరులో అల్యూమినా బిళ్ళల డబ్బాలు ఇంకా కొన్ని ఉన్నాయి. నీళ్ళలో నిలిచే పొర కావాలని అడిగేవాళ్ళకు వాటి మీదే వడగట్టి ఇస్తాను. చీటీ మీద గ్రాఫీన్ ఆక్సైడ్ అని రాసి, దాని కింద అల్యూమినియం అని కూడా రాస్తాను. పొటాషియం, మాంగనీస్ ఎంత మిగిలాయో కొలిపించి అంకె వేస్తాను. కొందరు ఆ రెండో వరుస ఎందుకని చికాకుపడతారు, పత్రంలో సమీక్షకులు ప్రశ్నలేస్తారని. వెయ్యనివ్వండి అంటాను.